ఇల్లు కట్టే ముందు ఒక ముసలి మేస్త్రీ మాట

తాపీ పట్టిన చేతికి పాత గోడలు నేర్పినవి కొన్ని ఉన్నాయి. చల్లపల్లి చుట్టుపక్కల ఇల్లు లేపే పిల్లల కోసం చెబుతున్నాను.

1. ముందు మెరక, తర్వాతే గోడ. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పాతవాళ్లు చెరువు తవ్విన మట్టితో స్థలం మెరక చేసి, ఒకటి రెండు వానాకాలాలు అణగనిచ్చేవారు. ఆ తర్వాత లోతుగా పునాది తీసి ఇసుక నింపేవారు. ఇప్పుడు ట్రాక్టరు మట్టి దించిన నెలకే పిల్లర్లు లేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి దిగాయి. అలాంటి రోజున లంకల్లో ఉన్నవాడు మొదట చూసుకునేది అరుగు ఎత్తే.

2. గాలికి పట్టు దొరకనివ్వొద్దు. దివిసీమ చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు, నడుము వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. మూలలు లేవు కాబట్టి గాలి గోడను రాసుకుంటూ పక్కకు పోతుంది. చూరు కింద దూరి కప్పు లేపుదామన్నా సందు చాలదు. ఇంజనీరు గీసి ఇచ్చిన ఇల్లు కాదది, తుఫాన్లు చూసినవాళ్లు కట్టుకున్నది.

అయితే పాత ఇళ్లను నెత్తిన పెట్టుకునేవాళ్లకు ఒక తేదీ గుర్తుచేస్తాను: 1977 నవంబరు 19. ఆ రాత్రి వచ్చింది ఒక్క గాలే అయితే వేరే సంగతి. ఉప్పెన వచ్చింది, వేలమందిని మింగింది. మట్టిగోడ నీళ్లలో నానితే చుట్టిల్లయినా ఒకటే, చదరపు ఇల్లయినా ఒకటే. అంతకుముందు 1864లో బందరులోనూ ఇలాంటి ఉప్పెనే వచ్చింది. అందుకే తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లను స్తంభాల మీద నిలిపారు, నీళ్లు కింద నుంచి పోవాలని. సముద్రానికి దగ్గరగా కట్టేవాడు గుండ్రటి గోడ పాత ఇంటి నుంచి, స్తంభం షెల్టరు నుంచి తీసుకోవాలి.

3. మండువాను మూసెయ్యొద్దు. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచే ఈ వాకిలి మనకొక్కరికే లేదు. సైప్రస్ దీవిలో గ్రీకు క్రైస్తవులూ తుర్కు ముస్లిములూ మట్టి ఇటుకలతో, లోపల ఆకాశం కనిపించే వాకిలితో ఇళ్లు కట్టుకున్నారట. గుడులు వేరైనా ఎండ ఒకటే కదా. కానీ అక్కడ వాన తక్కువ. మనకు నాలుగు వైపుల చూరు నీళ్లూ మండువాలోకే పడతాయి కాబట్టి తూమే ప్రాణం. అది పూడితే పడమటిల్లు దాకా నీళ్లే. ఈమధ్య మండువా మీద ఫైబరు షీటు వేసి, కింద ఏసీ పెడుతున్నారు. వేడి పైకి పోయే దారి మూసి, కరెంటుతో తోడటం!

4. ఇటుక ఎక్కడ అక్కర్లేదో తెలుసుకోవాలి. పక్కనే ఘంటసాల. పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు అక్కడి బౌద్ధ స్తూపం లోపలంతా ఇటుక కాదని తేలింది. బండి చక్రం ఆకుల్లా గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి దట్టించారు.

5. సున్నపు గోడకు సిమెంటు పూయకండి. గుల్లసున్నం గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూసిన గోడ చెమ్మ పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పడితే ఆ చెమ్మ లోపలే ఉండి, ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది.

6. తాటాకు ఇల్లు ముచ్చటపడి కడతామంటారా, కట్టండి. కప్పు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. మీ ఊళ్లో కప్పు కప్పేవాళ్లు ఇంకా ఉన్నారో లేదో ముందు విచారించుకోండి.