సూదంటురాయితో నీళ్ళు కడగొచ్చా?

మా అమ్మమ్మది వేములఘాట్. ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ అడుగున ఉంది, ఆమె గజ్వేల్ దగ్గర కాలనీలో ఉంటుంది. మొన్న సెలవుల్లో అక్కడే కూర్చుని సెమినార్‌కి మాగ్నెటిక్ నానోపార్టికల్స్ గురించి చదువుతుంటే, "సూదంటురాయి పెడితే నీళ్ళల్ల విషం పోతదా బిడ్డా?" అని అడిగింది. ఇంగ్లీష్‌లో పన్నెండు స్లైడ్లు రెడీగా ఉన్నాయి. తెలుగులో మాత్రం నోరు పెగల్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

మల్లన్నసాగర్ నీళ్ళలో విషం ఉందని కాదు. 2016 దాకా సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోనే ఉండేది కదా, ఆ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు సంగతి ఇది. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అక్కడి మట్టిలో, నీళ్ళలో ఆర్సెనిక్ లాంటివి ఎక్కువగా ఉన్నాయని హైదరాబాద్ ఎన్జీఆర్ఐ పరిశోధనల్లో తేలింది. తాగేనీళ్ళలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దానికి రంగు లేదు, రుచి లేదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్ పనికొస్తుంది. ఆర్సెనిక్ దాని పైభాగానికి అతుక్కుంటుంది, కాబట్టి ఎంత ఉపరితలం ఉంటే అంత లాభం. ఒక గ్రాము మాగ్నెటైట్ ఒకే ఘనంగా ఉంటే ఉపరితలం 2 చదరపు సెంటీమీటర్లు. అదే గ్రాముని 12 నానోమీటర్ల గోళీలుగా చేస్తే దాదాపు 96 చదరపు మీటర్లు. లెక్క రెండుసార్లు చేశా, కరెక్టే. అంటే చిటికెడు పొడిలో 115 గజాల ప్లాటు!

మరి అంత సన్నటి పొడిని మళ్ళీ బయటికి తీసేదెలా? మామూలు ఫిల్టర్‌లోంచి జారిపోతుంది. సూదంటురాయి పని ఇక్కడే. ఈ సైజులో ఒక్కో రేణువూ రాయి దగ్గరికొస్తే అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది, రాయి తీసేస్తే ఆ గుణం పోతుంది. అందుకే ముద్దకట్టకుండా మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. ఇంత చిన్న రేణువుల్ని లాగాలంటే పెద్ద పెద్ద అయస్కాంతాలు కావాలనుకునేవారు. చేతిలో పట్టేంత రాయి చాలని 2006లో అమెరికా రైస్ యూనివర్సిటీ టీమ్ 'సైన్స్' పత్రికలో చూపించింది. తర్వాత తుప్పు, వంటనూనెతో కూడా ఈ పొడి చేశారు. నాకు బాగా నచ్చింది ఇదే.

చిక్కులు లేకపోలేదు. పీహెచ్ సుమారు 7 కంటే తగ్గితే మాగ్నెటైట్ పైన ప్లస్ చార్జ్, పెరిగితే మైనస్. ఆర్సెనేట్ మైనస్, సీసం, కాడ్మియం ప్లస్. కాబట్టి అన్నిటినీ ఒకేసారి బాగా పట్టడం కష్టం. పైగా పొలాల నుంచి వచ్చే ఫాస్ఫేట్ ఆర్సెనిక్ సీటులో కూర్చుంటుంది, బస్సులో టవల్ వేసినట్టు.

ఇదంతా అమ్మమ్మకు బిందె, చిటికెడు పొడి, రాయి అని చెప్పా. ఓపిగ్గా విని, "పట్టుకున్నదాన్ని ఏడ పడేస్తరు?" అంది.

పొడిని కాస్టిక్ సోడాతో కడిగితే ఆర్సెనిక్ ఊడొస్తుంది, పొడి మళ్ళీ వాడుకోవచ్చు. కానీ ఆర్సెనిక్ మాయమవదు. బిందెడు నీళ్ళలో ఉన్నది ఇప్పుడు గ్లాసెడు కడుగునీళ్ళలోకి చేరింది, అంతే. దాన్ని గట్టిపరిచి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి, మన దగ్గరైతే దుండిగల్‌కి.

"దుండిగల్‌ల ఊరు లేదా?" అని అడిగింది.