ఒకే ఖాతాలో పెక్కు పేర్లు: గ్రామ సంస్థల వెబ్‌సైట్ల నిర్వహణ

గ్రామములలో ప్రజలకొరకు పనిచేయు సంస్థలు నేడు ఒకటి రెండు కావు. చేనేత సహకార సంఘము, గ్రంథాలయము, పాల ఉత్పత్తిదారుల సంఘము మొదలగునవి తమ వివరములను వెబ్‌సైట్ల ద్వారా తెలుపగోరుచున్నవి. ప్రతి సంస్థయు వేరు వేరుగా స్థలము అద్దెకు తీసికొన్నచో వ్యయము పెరుగును. ఒకే హోస్టింగు ఖాతాలో పెక్కు డొమైన్ పేర్లను నడుపుటకు వీలు కలదు. ఈ పద్ధతి యెట్టిదో, ఇందు వహింపవలసిన జాగ్రత్త లేవియో ఈ పాఠమున వివరింపదలచినాము.

ముందుగా ఒక హెచ్చరిక. పంచాయతీ ప్రభుత్వ వ్యవస్థలో భాగము. దాని అధికార వెబ్‌సైటునకు ‘గవ్.ఇన్’ అను ముగింపు గల పేరు ఉండుట యుక్తము. అట్టి పేర్లను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చును. దానిని ఇతర సంస్థల వెబ్‌సైట్లతో కలుపరాదు. ఈ పాఠము సహకార సంఘములవంటి స్వతంత్ర సంస్థలకు వర్తించును. అయినను అట్టి సంఘములకు సలహా చెప్పువారు పెక్కుచోట్ల పంచాయతీ సభ్యులే గనుక, ఈ విషయము వారికి తెలిసియుండుట అవసరము.

పేరు వేరు, స్థలము వేరు

డొమైన్ పేరు, హోస్టింగు ఒకటేయని పలువురు భావించుచున్నారు. ఇది పొరపాటు. డొమైన్ అనగా పేరు. హోస్టింగు అనగా వెబ్‌సైటునందలి వ్రాతలను, చిత్రములను ఉంచుటకు సర్వరు అను కంప్యూటరులో అద్దెకు తీసికొన్న స్థలము. ఈ రెండింటిని ఒకే కంపెనీ వద్ద తీసికొనవచ్చును. వేరు వేరు కంపెనీల వద్దనైనను తీసికొనవచ్చును.

పేరును రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుకొనవలెను. సాధారణముగా ఒక సంవత్సరము మొదలు పది సంవత్సరములవరకు నమోదు చేయుదురు. అనగా పేరు భూమివలె శాశ్వతముగా కొన్నది కాదు. గడువు ముగియకముందే రుసుము చెల్లించి నిలుపుకొనవలసినది. ‘.ఇన్’ పేర్ల వ్యవస్థను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా అను సంస్థ పర్యవేక్షించుచున్నది. తెలుగు లిపిలో ‘.భారత్’ అను ముగింపుతో కూడ పేర్లు కలవు.

ఒకే యింట పెక్కు కుటుంబములు

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తించును. పేరును చెప్పినచో దానికి తగిన అంకెను చూపు ఏర్పాటును ‘డి.ఎన్.ఎస్.’ అందురు. దీనిని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించెను. పాత పద్ధతి అంకెలు సుమారు 429 కోట్లు మాత్రమే గనుక, ప్రతి వెబ్‌సైటునకు ఒక ప్రత్యేక అంకె నిచ్చుట సాధ్యము కాదు. పెక్కు పేర్లు ఒకే అంకెను చూపినచో సర్వరు ఏ వెబ్‌సైటును ఇవ్వవలెను?

ఒక పెద్ద యింట నాలుగు కుటుంబములు కాపురమున్నవనుకొందము. తలుపు నంబరు ఒక్కటే. అయినను ఉత్తరముపై పేరు ఉన్నది గనుక అది చేరవలసినవారికే చేరును. ఇదియు నట్టిదే. మనము వెబ్‌సైటును కోరినపుడు బ్రౌజరు దాని పేరును కూడ సర్వరునకు తెలుపును. 1997లో వెలువడిన నియమావళి ఇట్లు పేరు తెలుపుటను తప్పనిసరి చేసినది. ఆ పేరును బట్టి సర్వరు తగిన ఫోల్డరును తెరచి చూపును.

నెలకొల్పు విధము

1. హోస్టింగు తీసికొనునపుడు ఆ ఖాతాలో ఎన్ని డొమైన్లకు అనుమతి కలదో విచారింపవలెను. కొన్ని తక్కువ ధర ఖాతాలలో ఒక్కదానికే అనుమతి యుండును.

2. ఖాతా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రతి పేరును చేర్చి, ఒక్కొక్కదానికి ప్రత్యేక ఫోల్డరును కేటాయింపవలెను. ఒకదానిలో నొకటి కలసినచో తరువాత విడదీయుట కష్టము.

3. రిజిస్ట్రారు వద్ద ఆ పేరునకు హోస్టింగు కంపెనీ ఇచ్చిన నేమ్ సర్వర్లను నమోదు చేయవలెను. మార్పు అంతటను అమలుకు వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. ఆ లోపల వెబ్‌సైటు కొందరికి కనబడి, మరికొందరికి కనబడకున్నచో కంగారు పడనక్కరలేదు.

4. ప్రతి పేరునకు భద్రతా సర్టిఫికెట్టు ఉండవలెను. అది కొలది కాలమే చెల్లును గనుక తనంతట తాను పునరుద్ధరింపబడుచున్నదా యని చూడవలెను.

మూడు అపాయములు

మొదటిది మరపు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ ‘పాస్‌పోర్ట్.కామ్’ అను పేరునకు రుసుము చెల్లించుట మరచినది. తత్ఫలితముగా హాట్‌మెయిల్ వాడువారికి ఇబ్బంది కలిగినది. సంబంధము లేని ఒక ప్రోగ్రామరు 35 డాలర్లు చెల్లించి ఆ పేరును నిలిపెను. మన సంఘములకు అట్టి అదృష్టము లభించునని తలచరాదు. గడువు దాటిన పేరును కొంతకాలము అధిక రుసుముతో తిరిగి పొందవచ్చును. ఆ వ్యవధియు గడచినచో దానిని ఎవరైనను తీసికొనవచ్చును. చేనేత సంఘము పేరు మోసగాండ్ర చేత బడినచో, చీరలకొరకు డబ్బు పంపువారు సంఘమునకే పంపుచున్నామని నమ్ముదురు. నష్టము వారిది, అపకీర్తి సంఘముది.

రెండవది యాజమాన్యము. వెబ్‌సైటు చేయించు హడావుడిలో పేరును తయారుచేయు యువకుని సొంత పేరున, అతని ఈమెయిలుతో నమోదు చేయుట కలదు. అతడు ఊరు విడచిన తరువాత సంఘము తన పేరును తానే మార్చలేని స్థితిలో పడును. కావున నమోదు సంఘము పేరననే జరుగవలెను. ఈమెయిలు కూడ సంఘముదే కావలెను.

మూడవది కలసియుండుటలోని కష్టము. ఒకే ఖాతాలోని ఒక వెబ్‌సైటులో దుష్ట ప్రోగ్రాము చేరినచో తక్కిన వాటికిని ప్రాకవచ్చును. ఖాతా రుసుము తప్పినచో అన్నియు ఒకేసారి ఆగిపోవును. పొదుపు కోరువారు ఈ బాధ్యతను కూడ స్వీకరింపవలెను. కావున అన్ని వెబ్‌సైట్ల ప్రతులను నెలకొకమారు తీసి, ఆ ఖాతాకు వెలుపల భద్రపరుపవలెను.

ఒక రిజిస్టరు చాలును

ఈ అపాయములకు విరుగుడు కష్టమైనది కాదు. పన్నుల రిజిస్టరువలె ఒక పుస్తకమును తెరచి, ప్రతి డొమైనుకు ఒక పుట కేటాయింపవలెను. నమోదైన తేది, గడువు తేది, ఎవరి పేరున ఉన్నది, ఏ రిజిస్ట్రారు, ఏ హోస్టింగు ఖాతా, ఎవరి ఫోను నంబరు అనునవి వ్రాయవలెను. పాస్‌వర్డును అందు వ్రాయక, వేరుగా భద్రముచేసి ఇద్దరు బాధ్యులకు తెలిపియుంచవలెను. గడువునకు రెండు నెలల ముందే రుసుమునకు తీర్మానము చేయవలెను.

పంచాయతీ సభ్యులు తమ గ్రామ సంఘముల కార్యదర్శులను మూడు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. మీ పేరు ఎవరి పేరున నమోదైనది? గడువు ఎప్పటికి తీరును? ప్రతి ఎచ్చట దాచినారు? వీనికి వెంటనే సమాధానము వచ్చినచో ఆ సంఘము క్షేమముగా నున్నదని సంతోషింపవచ్చును. రానిచో, ఆ దినముననే రిజిస్టరు మొదటి పుటను వ్రాయింపవలెను.