ఉప్పునీటి తొట్టిలో తెల్లమచ్చ తెగులు

నానక్‌రామ్‌గూడ సముద్రమునకు ఎంతో దూరము. అయినను అచ్చటి మేడలలో సముద్రపు చేపలను అద్దపు తొట్లలో పెంచుకొనవచ్చును. ఈ చేపల ఒంటిపై ఉప్పురవ్వల వంటి తెల్లమచ్చలు కనబడినచో, అది సాధారణముగా క్రిప్టోకారియన్ అను పరాన్నజీవి వలన వచ్చిన తెగులు. చేప రాళ్లకు ఒళ్లు రాచుకొనును, మేత మానును. మొప్పలకు సోకినచో ఊపిరాడక చచ్చును.

3 నుండి 7 దినములలో మచ్చలు వాటంతట అవే రాలిపోవును. తెగులు తీరినదని మోసపోరాదు. రాలిన జీవి తొట్టి అడుగున గూడు కట్టుకొని, అందుండి వందలకొలది పిల్లలను విడుచును. కలుపు కోసినను నేలలో విత్తనము మిగిలినట్లే.

చేయవలసిన పని:

1. మచ్చలు లేనివానితో సహా చేపలన్నిటిని వేరు తొట్టికి మార్చవలెను.

2. 3 దినములు నిండగనే మరియొక శుభ్రమైన తొట్టికి మార్చవలెను. ఇట్లు 4 మార్లు చేయవలెను. గూడు పగులక మునుపే చేప తప్పుకొనును. నీటి ఉప్పదనము, వెచ్చదనము సమముగా ఉండవలెను. వాడిన తొట్టిని, వలను కడిగి బాగుగా ఎండబెట్టవలెను.

3. పెద్దతొట్టిని 11 వారములు చేపలు లేకుండ ఉంచవలెను. చేప దొరకని పిల్లపురుగులు రెండు దినములలో నశించును. పగడములు, రొయ్యలు అందే ఉండవచ్చును.

పెద్దతొట్టిలో మైలుతుత్తము వేయరాదు. రాగి వలన పగడములు, రొయ్యలు చచ్చును. మంచినీటి చేపలకు చేయు ఉప్పు వైద్యము ఇచ్చట పనికిరాదు.

కొత్తగా కొన్న ప్రతి చేపను ముందుగా ఇట్లే వేరుగా ఉంచి, ఆ పిమ్మటనే పెద్దతొట్టిలో విడువవలెను. ఒక్క చేప తెచ్చిన తెగులు తొట్టినంతటిని ఖాళీ చేయగలదు.