చెప్పుకొనని భారము



స్కైలాబు అను పేరు వినగానే మన పల్లెల పెద్దలకు 1979వ సంవత్సరము జ్ఞాపకము వచ్చును. ఆకాశమునుండి అది ఎవరి నెత్తిన పడునోయని జనులు దిగులుపడిరి. ఎటూ చావు తప్పదని పెంచుకొన్న కోళ్లను, మేకలను కోసుకొని తినినవారి కథలు నేటికిని చెప్పుకొందురు. తుదకు అది జులై 11వ తేదీన హిందూ మహాసముద్రములోను, ఆస్ట్రేలియా దేశపు పడమటి భాగములోను ముక్కలై పడెను. అది పడిన సంగతి మనమెరుగుదుము గాని, అంతకుముందు అందులో మనుష్యులు కాపురముండిన సంగతి అంతగా ఎరుగము. ఆ కాపురములో మనము నేర్చుకొనదగిన పాఠమొకటి కలదు.

1. ఆ యిల్లు ఎట్టిది?

అమెరికావారి నాసా సంస్థ 1973 మే 14న స్కైలాబును పైకి పంపెను. అది భూమికి సుమారు 435 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండెను. బృందమునకు ముగ్గురు చొప్పున మూడు బృందములు, ఒకదాని తరువాత ఒకటి, అందులో నివసించెను. మొదటివారు 28 దినములు, రెండవవారు 59 దినములు, మూడవవారు 84 దినములు ఉండిరి.

అక్కడ వస్తువులకు బరువు తెలియదు. కావున నిద్రపోవు సంచులను గోడకు కట్టుకొని వాటిలో దూరి పండుకొనిరి. భోజనపు బల్లకు మూడు చోట్లుండెను. ఆ పళ్లెములలోనే ఆహారము వేడియగును. స్నానము చేసిన నీరు క్రిందికి జారదు గనుక దానిని గొట్టముతో పీల్చి తీయవలెను. కండరములు క్షీణింపకుండునట్లు మూడవ బృందమువారు దినమునకు గంటన్నర వ్యాయామము చేసిరి.

2. దాచిన సంగతి

మూడవ బృందములోనివారు జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ అనువారు. ముగ్గురిలో ఎవరును అంతకుముందు అంతరిక్షమునకు వెళ్లినవారు కారు. 1973 నవంబరు 16న వారు బయలుదేరిరి. మొదటి దినముననే పోగ్‌గారికి వాంతియయ్యెను. అట్టి అస్వస్థత అక్కడ వింత కాదు, తప్పును కాదు. అయినను క్రిందివారు కలవరపడుదురని తలంచి, ఆ సంగతి చెప్పక సంచిని చెత్తతో పారవేయుదమని తమలో తాము అనుకొనిరి. అయితే వారి మాటలన్నియు యంత్రము పట్టుచుండెను. హూస్టన్‌లోనివారు వాటిని వినిరి. వ్యోమగాములకు పెద్దయైన అలాన్ షెపర్డ్‌గారు అందరు వినుచుండగా వారిని మందలించెను. కార్‌గారు సాకులు చెప్పక, అది తెలివితక్కువ నిర్ణయమని ఒప్పుకొనెను.

3. పెరిగిన భారము

ఇక్కడ పైవారి తప్పు మాత్రమే గాక క్రిందివారి తప్పును కలదు. రెండవ బృందమువారు పనిలో ఆరితేరి, చివరికి ఇంకను పని ఇమ్మని అడిగిరి. ఆ వేగమునే కొలతగా పెట్టుకొని, క్రొత్తగా వచ్చినవారికి మొదటి దినములనుండియే అంత పనిని నియమించిరి. క్రొత్త యింటిలో ఏ వస్తువు ఎక్కడ నున్నదో తెలిసికొనుటకైనను వారికి తీరిక చిక్కలేదు. ఉదయమున పనుల పట్టిక వచ్చును. ఒక పని ఆలస్యమైనయెడల తరువాతి పనులన్నియు వెనుకబడును. తొందరలో పొరపాట్లు జరిగెను. విశ్రాంతి దినములందును పనిచేసిరి. క్రిస్మసు పండుగకు ఆహారపు డబ్బాలతో చెట్టు చేసికొని సంతోషించిరి గాని, ఆ దినముననే కార్, పోగ్ ఇరువురు సుమారు ఏడు గంటలు బయట శూన్యములో పనిచేసిరి.

ఇట్లు ఆరు వారములు గడచెను. పైవారు అలసిరి, క్రిందివారు వీరేల వెనుకబడిరోయని విసుగుకొనిరి. ఎవరును మనస్సు విప్పి మాటలాడలేదు.

4. విప్పి చెప్పిన మాట

డిసెంబరు 30న వారు దాపరికము లేకుండ మాటలాడుకొనిరి. తమకు ఊపిరి సలుపుటలేదని కార్‌గారు చెప్పెను. క్రిందివారు కోపపడక వినిరి. ఎక్కువ పని పెట్టితిమని ఒప్పుకొనిరి. ఆ తరువాత భోజన సమయమునను, సాయంకాలపు విశ్రాంతిలోను వారిని కదలింపకుండిరి. చిన్న పనులకు గడియలు పెట్టక, వీలైనప్పుడు చేయుడని జాబితా ఇచ్చిరి.

ఫలితమేమి? పని తగ్గలేదు, పెరిగెను! 1974 జనవరి 21న గిబ్సన్‌గారు సూర్యునిపై జ్వాల పుట్టుటను మొదటినుండి చిత్రములు తీయగలిగెను. ఫిబ్రవరి 8న వారు క్షేమముగా భూమికి చేరిరి. ఆనాటికి మనుష్యుడెవడును అంతకాలము అంతరిక్షములో నుండలేదు. తరువాత కొందరు దీనిని సమ్మె అని వ్రాసిరి గాని అది నిజము కాదు. వారు పని మానలేదు, నోరు విప్పిరి, అంతే.

5. మనకు పాఠము

నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన ఆలోచన మీరెరుగుదురు. భారము మోయువాడు తనంతట చెప్పుకొనలేనప్పుడు, చూచువాడు అడుగవలెను. స్కైలాబులో ఆరు వారములు అడుగువాడు లేకపోయెను, చెప్పువాడును లేకపోయెను.

మన యిండ్లలోను ఇట్లే జరుగుచుండును. నిరుడు కోడలు చేసిన పనిని కొలతగా పెట్టి, నేడు నెలలు నిండిన ఆమెను తొందరపెట్టుదుము. పాలేరు జ్వరమును దాచుకొని మడిలో దిగును. కూలి పోవునని అతని భయము. చెప్పినవానిని గద్దించుచు పోయినయెడల రేపు ఎవడు చెప్పును? షెపర్డ్‌గారి మందలింపు న్యాయమే. అయితే మందలింపు సంచిని దాచుట మాన్పించెను గాని, అలసటను చెప్పించలేదు. దానిని చెప్పించినది ఓపికతో విను చెవి.

ఆలోచించుటకు:

(1) మీరు ఎవరికిని చెప్పక మోయుచున్న భారమేది?

(2) మీ యింటిలో ఎవరి అలసటను మీరు సోమరితనమని తలంచితిరి?

(3) ఈ వారములో ఎవరియొద్ద కూర్చుండి, కోపపడక వినగలరు?