చక్రము నేలను విడువరాదు
(9, 10 తరగతుల విద్యార్థులకు విజ్ఞాన పాఠము)



గడచిన వేసవి సెలవులలో మన పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు అమెరికానుండి హోసూరునకు వచ్చి, తాను చదివిన తరగతి గదిని చూడవచ్చెను. ప్రత్యేక బోధనకై వచ్చిన పదవ తరగతి పిల్లలు అతనిని చుట్టుముట్టిరి. వారు అతని ఉద్యోగమును గూర్చి యడుగలేదు, జీతమును గూర్చి యడుగలేదు. "అన్నా, మీకు కారున్నదా?" అని యడిగిరి.

అతడు నవ్వి, తనకు పాత మాజ్డా ఎం.ఎక్స్.-5 కారొకటి కలదని చెప్పెను. దానికి సరిదిద్దుకొను వీలుగల క్రొత్త సస్పెన్షన్‌ను కొని, తన చేతులతో తానే బిగించెనట. బిగించిన రెండవ వారముననే, వానకు తడిసిన యొక వంపులో, ఆ కారు బొంగరమువలె తిరిగి రోడ్డు ప్రక్క గడ్డిలో నిలిచెనట. దైవవశమున ఎవరికిని దెబ్బలు తగులలేదు. "వస్తువులో లోపము లేదు సార్. దానిని త్రిప్పిన నా చేతిలోనే లోపము" అని అతడు దాపరికము లేక ఒప్పుకొనెను.

నేను తెలుగు పండితుడను. యంత్రములు విప్పినవాడను కాను. అయినను మన యూరి సంగతి మీకు తెలియును. అశోక్ లేలండ్ వారు 1980లో ఇచట కర్మాగారమును నెలకొల్పిరి. టి.వి.ఎస్. మోటారు సైకిళ్లు ఇచటనే తయారగుచున్నవి. తండ్రులు పగలెల్ల చేత పట్టుకొను వస్తువులను గూర్చి బిడ్డలు తమ భాషలో చదువుకొనలేకపోవుట న్యాయము కాదు. అందుచేత ఆ పూర్వ విద్యార్థి చెప్పిన విషయమును వ్రాసికొని, లెక్కలను మన భౌతికశాస్త్రోపాధ్యాయులకు చూపి, ఈ పాఠమును కూర్చితిని.

1. స్ప్రింగు దేనికి?

ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. చక్రము రాతిపై కెక్కినపుడు బండియంతయు ఎక్కును. దిగినపుడు బండియంతయు దబ్బున దిగును. జట్కాబండికి ఉక్కుపట్టీల స్ప్రింగులుండుటచే చక్రము లేచినను కూర్చున్నవాని కంత కుదుపు తగులదు. ఇంతవరకు మీ తాతగారు సైతము చెప్పగలరు.

కాని వేగముగా పోవు కారునకు కుదుపు తగ్గుటకంటె ముఖ్యమైన పని యొకటి కలదు. కారును నడుపునది, ఆపునది, త్రిప్పునది అంతయు టైరు నేలను తాకు చోటులోనే జరుగును. ఆ చోటు ఒక్కొక్క టైరునకు సుమారు మన అరచేయి యంత. నాలుగు అరచేతుల మేర నేలను పట్టుకొని వేయి కిలోగ్రాముల వస్తువు పరుగెత్తుచున్నదన్నమాట. రోడ్డు ఎత్తుపల్లములుగా నున్నను ఆ పట్టు విడువకుండ చక్రమును నేలకు ఒత్తిపట్టుటయే సస్పెన్షన్ యొక్క ప్రధాన ధర్మము. ఈ యొక్క వాక్యమును గుర్తుంచుకొనినచో మిగిలిన పాఠము సులభమగును.

రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించిన నియమమును మీరు చదివియున్నారు. స్ప్రింగు ఎంత నొక్కుకొనిన అంత బలముతో ఎదురు త్రోయును. ఒక చక్రముపై నిలిచిన బరువు 210 కిలోగ్రాములనుకొందము. చక్రమువద్ద స్ప్రింగు గట్టిదనము మిల్లీమీటరునకు 20 న్యూటన్లు అనుకొందము. 210ని 9.8చే గుణించిన 2,058 న్యూటన్లు. దానిని 20చే భాగించిన సుమారు 103. అనగా కారు నిలిచియున్నపుడే ఆ స్ప్రింగు 103 మిల్లీమీటర్లు అణగియుండును. గట్టిదనము రెట్టింపైనచో 51 మిల్లీమీటర్లే అణగును.

2. డ్యాంపరు దేనికి?

స్ప్రింగునకు ఒక దుర్గుణము కలదు. అది పుచ్చుకొనిన శక్తిని తన వద్ద నుంచుకొనదు; తిరిగి యిచ్చివేయును. ఒక్క గుంతలో పడిన కారు ఊయలవలె అనేక పర్యాయములు ఊగును. ఊగిన ప్రతిసారి చక్రముపై ఒత్తిడి ఒకమారు హెచ్చును, ఒకమారు తగ్గును. తగ్గినపుడు పట్టు సడలును.

ఈ ఊపును అణచునది డ్యాంపరు. దీనినే మన మెకానికులు షాక్ అబ్సార్బరు అందురు. నూనె నిండిన గొట్టములో చిన్న రంధ్రములుగల ముషలక మొకటి క్రిందికి మీదికి కదలును. నూనె ఆ రంధ్రములగుండ బలవంతముగా దూరి పోవలెను. అందుచే ఊపులోని శక్తి వేడిగా మారిపోవును.

స్ప్రింగునకును డ్యాంపరునకును గల భేదమును వంటింటిలో చూడవచ్చును. చిక్కని మజ్జిగ కుండలో గరిటెను మెల్లగా దింపుడు, అడ్డము తెలియదు. వేగముగా దింపుడు, చేయి ఆగిపోవును. స్ప్రింగు అడ్డము ఎంత దూరము నొక్కితిమో దానినిబట్టి యుండును. డ్యాంపరు అడ్డము ఎంత వేగముగా నొక్కితిమో దానినిబట్టి యుండును. కనుక ఒకటి చేయవలసిన పనిని మరియొకటి చేయజాలదు.

3. సరిదిద్దుకొను సస్పెన్షన్

మాజ్డా ఎం.ఎక్స్.-5 జపాను దేశపు కారు. 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని చికాగో మోటారు ప్రదర్శనలో దీనిని మొదట చూపిరి. ఇద్దరే కూర్చుండదగిన చిన్న కారు. మొదటి తరమునకు చెందిన దాని బరువు వేయి కిలోగ్రాములకు కొంచెము లోపే. 2016 ఏప్రిలునాటికి ఈ కార్లు పది లక్షలు తయారైనవి. మొదటి తరపు కారులో నాలుగు చక్రములకును ఒకదానిపై నొకటిగా రెండేసి బాహువులుండి, ఒక్కొక్క చక్రమును వేరువేరుగా కదలనిచ్చును. దీని పనితీరు సులభముగా తెలియుటచే దీనిని స్వయముగా మార్చుకొనువారు పెక్కుమంది కలరు.

బయట అమ్ము సరంజామాలో స్ప్రింగు, దాని నడుమ డ్యాంపరు కలిసి ఒకే స్తంభముగా నుండును. దీనిని కాయిలోవరు అందురు. డ్యాంపరు గొట్టముపై మరచుట్లుండును. స్ప్రింగు కూర్చుండు కంకణమును ఆ మరలపై త్రిప్పి కారు ఎత్తును హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. మరియొక చిన్న బిరడాను టిక్కు టిక్కుమని త్రిప్పిన నూనె దారి ఇరుకగును లేక వెడల్పగును.

సరిదిద్దుకొను కోరిక క్రొత్తది కాదు. నూనె డ్యాంపరులు వ్యాపింపక మునుపే, ఫ్రాన్సు దేశమున ట్రూఫో అను నతడు బిళ్లల రాపిడితో పనిచేయు డ్యాంపరును కల్పించెను. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అను నతడు దానిని ప్రచారమునకు తెచ్చెను. నడుమనున్న మరను బిగించిన రాపిడి హెచ్చును; వదలించిన తగ్గును. నాటినుండి నేటివరకు మర త్రిప్పు చేతికి పని తప్పలేదు. త్రిప్పుటకు ముందు యోచించు పనియు తప్పలేదు.

4. ఒక లెక్క

స్ప్రింగుపై నిలిచిన బరువు క్షణమున కెన్నిసార్లు ఊగునో కనుగొనుటకు, స్ప్రింగు గట్టిదనమును ద్రవ్యరాశిచే భాగించి, వర్గమూలమును గైకొని, 6.28చే భాగింపవలెను. మిల్లీమీటరునకు 20 న్యూటన్లనగా మీటరునకు 20,000 న్యూటన్లు. 20,000ను 210చే భాగించిన 95.2, వర్గమూలము 9.76, 6.28చే భాగించిన 1.55. అనగా క్షణమునకు సుమారు ఒకటిన్నర ఊపులు.

గట్టిదనమును రెట్టింపు చేసిన ఊపులు మూడగునని తొందరపడి చెప్పకుడు. లెక్క చేసిన 2.2 మాత్రమే వచ్చును. వర్గమూలము నడుమ నున్నది గదా! అట్లే స్ప్రింగు రెట్టింపైనపుడు, ఊపు మునుపటి తీరుననే అణగవలెనన్నచో, డ్యాంపరు బలము రెట్టింపు కానక్కరలేదు, 1.41 రెట్లు చాలును.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. స్ప్రింగు చక్రముపై నేరుగా కూర్చుండదు. బాహువు నడుమ కూర్చుండును. ఏతము కొన వద్ద ఎంత కదలిక యుండునో నడుమ అంత యుండదు. చక్రము 10 మిల్లీమీటర్లు లేచినపుడు స్ప్రింగు 7 మిల్లీమీటర్లే అణగిన, కదలిక 0.7 వంతు, చక్రమును చేరు బలమును 0.7 వంతే. రెండింటిని గుణించిన 0.49. కాబట్టి స్ప్రింగుపై అచ్చువేసిన అంకెలో సుమారు సగమే చక్రమునకు అందును. అంగడిలో అంకె చూచి కొనువారు ఇచటనే మోసపోవుదురు.

5. ఆ వంపులో ఏమి జరిగెను?

ఇపుడు మన పూర్వ విద్యార్థి కారును చూతము. క్రొత్త స్ప్రింగులు పాతవానికంటె రెండింతలు గట్టివి. అతడు అందము కొరకు కారును 40 మిల్లీమీటర్లు దించెను. నాలుగు బిరడాలను కొసకంట బిగించెను. "హెచ్చు బిగువు, హెచ్చు పట్టు" అని అతని ఊహ.

చక్రము పైకి లేచుటకు మునుపు 70 మిల్లీమీటర్ల చోటుండెననుకొందము. 40 దించగా మిగిలినది 30. వంపులో కారు వెలుపలి ప్రక్కకు ఒరగి, గట్టి స్ప్రింగులైనను 20 మిల్లీమీటర్లు అణగును. మిగిలినది 10. ఇక బిగించిన డ్యాంపరు ఏమి చేసెను? అలలు అలలుగా నున్న రోడ్డుపై చక్రము లేచిన పిమ్మట, తరువాతి అల వచ్చులోగా క్రిందికి దిగలేకపోయెను. అల కొక కొంత చొప్పున కారు కూర్చుండిపోయెను. ఆ పదియు కరగిపోయినవి. తుదకు వెనుక చక్రపు బాహువు, కొసనుండు రబ్బరు దిమ్మెను కొట్టెను. అంతవరకు మెత్తగా హెచ్చుచున్న బలము ఒక్కసారిగా బండవలె నయ్యెను. నేల తడిసియున్నది. వెనుక టైర్లు పట్టు విడిచినవి. తక్కినది మీకు తెలియును.

ఏ యొక్క మార్పును తనంతట తాను చెడ్డది కాదు. మూడును కలిసి చక్రమును నేలనుండి విడదీసినవి.

6. దిద్దుబాటు

అతడు పిమ్మట చేసిన పని వరుసను నల్లబల్లపై వ్రాసి చూపెను. దానినే యిచట ఇచ్చుచున్నాను.

మొదట, టైర్ల గాలిని కొలిచి సరిచేసెను. గాలి సరిలేనిచో తక్కిన కొలత లన్నియు అబద్ధములే.

రెండవది, కారును 25 మిల్లీమీటర్లు పైకి లేపెను. ఎత్తు మారినపుడు చక్రముల వాలును మారును. ముందు వెనుకల దిశయు మారును. దానిని సరిచూడనిచో టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవును. కాని ఆ సరిచూచుట, ఎత్తు స్థిరపడిన తరువాతనే.

మూడవది, నాలుగు చక్రముల క్రింద నాలుగు తూనికయంత్రము లుంచి, నడుపువాని చోట అతని బరువును పెట్టి, తూచెను. ముందు ఎడమ 290, ముందు కుడి 250, వెనుక ఎడమ 240, వెనుక కుడి 260 కిలోగ్రాములు. నులకమంచపు ఒక కోడు క్రింద చెక్కపేడు పెట్టి చూడుడు. ఆ కోడుమీదను, దానికి మూలగా నున్న కోడుమీదను బరువు హెచ్చును. తక్కిన రెండు తేలికయగును. కారును అట్టిదే. ఇచట ఒక మూలజత 550, రెండవ జత 490. అట్టి కారు ఎడమకు ఒక తీరుగను, కుడికి ఒక తీరుగను తిరుగును. కంకణములను కొద్దికొద్దిగా త్రిప్పి రెండు జతలను 520కి తెచ్చెను.

నాలుగవది, బిరడాలను పూర్తిగా మూసి, అచటినుండి లెక్కించుచు, తయారు చేసినవారి పత్రములో నున్న నడిమి స్థానమునకు విప్పెను. పిదప ఒకే రోడ్డుపై, ఒకే మితమైన వేగముతో నడిపి, ఒకమారు ముందువాని రెండింటినే, ఇంకొకమారు వెనుకవాని రెండింటినే, రెండేసి టిక్కులు మార్చి చూచెను.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది: నోటుపుస్తకము. తేది, గాలి, ఎత్తు, టిక్కులు, తోచిన భేదము అని ఐదు గడులు. ఒక్కసారి ఒక్కటే మార్పు. భేదము కనబడనిచో మునుపటి స్థానమునకే మరలుట. "సార్, నేను మొదట నాలుగింటిని ఒకేసారి మార్చితిని. కారు చెడినపుడు దేనివలన చెడినదో నాకే తెలియలేదు" అని అతడనెను. ప్రయోగశాలలో మీ ఉపాధ్యాయులు ప్రతిదినము చెప్పు మాట ఇదియే గదా!

తుదకు అతని కారు, కొన్ననాటికంటె 15 మిల్లీమీటర్లే క్రిందికున్నది. బిరడాలు నడిమి స్థానమునకు దగ్గరనే యున్నవి. చూచువారికి పెద్ద మార్పు కనబడదు. కాని అదే వంపులో, అదే వానలో, అది నేలను పట్టుకొని పోవుచున్నది.

7. తల్లిదండ్రులకు ఒక మాట

18 ఏండ్లు నిండని బిడ్డ కారు నడుపరాదు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. కాబట్టి చూచినదెల్ల బండికి బిగింపవలెనని పిల్లలు పట్టుబట్టినపుడు అంగీకరింపకుడు. కాని వారి ప్రశ్నను మాత్రము త్రోసిపుచ్చకుడు. "ఇది ఎట్లు పనిచేయును?" అని యడుగు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ చేతికి తెలిసినదానిని మీ మాటలలోనే చెప్పుడు.

అభ్యాసము

1. చక్రమువద్ద స్ప్రింగు గట్టిదనము మిల్లీమీటరునకు 80 న్యూటన్లైన, 210 కిలోగ్రాముల బరువు క్షణమున కెన్నిసార్లు ఊగును? 20 న్యూటన్ల స్ప్రింగుతో పోల్చి చెప్పుడు.

2. పై తూనికలో ముందు రెండింటి మొత్తము 540, ఎడమ రెండింటి మొత్తము 530. ఈ మొత్తములు మారకుండ మూలజతలను 520 చొప్పున సమము చేసిన, ఒక్కొక్క చక్రముపై ఎంత బరువుండును?

3. స్ప్రింగునకును డ్యాంపరునకును గల భేదమును, మజ్జిగ కుండ గాక, మీ యింటిలోని వేరొక యుదాహరణముతో వివరింపుడు.

4. పాత సైకిలు ట్యూబునుండి సన్నని పట్టీ కోసి, దానికి రాయి కట్టి వ్రేలాడదీసి, లాగి విడువుడు. ఆగువరకు ఊపులను లెక్కింపుడు. పిమ్మట రాయి నీటి బకెట్టులో మునిగియుండునట్లు వ్రేలాడదీసి, మరల లెక్కింపుడు. రెండు అంకెలను, వాని భేదమునకు కారణమును నోటుపుస్తకములో వ్రాయుడు.