తేలేదాకా ఆగడం

విశాఖ వెళ్లే రైలుకు టికెట్ తీస్తాం. వెయిటింగ్ లిస్టు వస్తుంది. ఇక అక్కణ్నుంచి పీఎన్‌ఆర్ స్టేటస్ చూడటమే పని. భోజనం మధ్యలో ఓసారి, ఆఫీసు మీటింగులో ఓసారి, అర్ధరాత్రి మెలకువ వస్తే మరోసారి. మనం చూసినంత మాత్రాన నంబరు ముందుకు జరగదు. ఎవరో రద్దు చేసుకుంటే జరుగుతుంది, లేదంటే చార్టు వేసినప్పుడు తేలుతుంది. ఆ సంగతి మనకూ తెలుసు. అయినా చూస్తాం. ఎందుకండీ మరి?

తెలియకుండా ఉండటం భరించలేక. బెర్తు రాదని తేలిపోతే బస్సు చూసుకుంటాం, లేదా ప్రయాణం మానుకుంటాం. అటో ఇటో తేలనప్పుడే నలిగిపోతాం. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2016లో ఇలాంటిదే చూపించారు. కంప్యూటర్ ఆటలో రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, పాము ఉంటే చేతికి కరెంటు షాకు. షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువైంది.

నాకు ఈ బాధ అమ్మ విషయంలో. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఫోన్ ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేస్తాను, ఆ తర్వాత పక్కింటివాళ్లకు చేస్తాను. ఆవిడ పెరట్లోనో గుళ్లోనో ఉంటుంది. "ఉన్నాలేరా" అన్న మాట వినగానే ప్రాణం కుదుటపడుతుంది. సాయంత్రానికి మళ్లీ అదే దడ. అడిగి తెలుసుకున్న ప్రతిసారీ, అడగకపోతే బతకలేమని మనసుకు మనమే నూరిపోస్తున్నాం.

నన్ను నిలబెట్టింది జేబులో పట్టే ఒక చిన్న నోటుబుక్కు. చూడాలనో అడగాలనో అనిపించగానే రెండు ముక్కలు రాస్తాను: ఏం జరిగి ఉంటుందని భయం, ఎంతసేపు ఆగుతాను. మొదట్లో పది నిమిషాలకే చెమటలు పట్టేవి. మీరూ పది నిమిషాలతోనే మొదలుపెట్టండి. ఆ కాసేపు బట్టలు మడతపెట్టండి, కూరలు తరగండి. మనసు గోల పెడుతుంది, పెట్టనివ్వండి. ఆ గోల మధ్యనే పని చేసుకోవడం అలవడాలి. గడువయ్యాక చూసుకుని, జరిగిందేమిటో పక్కనే రాయండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. ఈ రెండో వరుస రాయకపోతే మొదటిది రాసీ దండగే. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో, అతిగా ఆందోళనపడే జబ్బున్నవాళ్ల చేత ఇలాగే రాయించి చూస్తే 91 శాతం భయాలు నిజం కాలేదట. మిగతావి నిజమవుతాయి కదా అంటారు. అవుతాయి. నా పుస్తకంలోనూ ఉన్నాయి. వాటిని ఎలా దాటానో కూడా ఆ పక్కనే రాసి ఉంది. అది చదువుకున్నప్పుడు వచ్చే ధైర్యం, ఎవరు ఎంత భరోసా ఇచ్చినా నాకు రాలేదు.

ఒక్క మాట. ఛాతీలో నొప్పి వస్తే ఆగకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. పెద్దావిడ రోజంతా ఫోన్ ఎత్తకపోతే ఎవరినైనా పంపాల్సిందే. నేను ఆగమంటున్నది, మన చేతిలో చేసేదేమీ లేని వాటి దగ్గర.

నిద్ర, నడక, సాయంత్రం కాఫీ తగ్గించడం, పడుకునే ముందు వార్తా చానళ్లు కట్టేయడం: ఇవి మీరు విన్నవే, చేయండి. కానీ ధైర్యం గురించి పుస్తకాలు చదువుతూ, మధ్యమధ్య నీలం టిక్కులు పడ్డాయా అని తొంగిచూసేవాళ్లకు ఏ పుస్తకమూ పనిచేయదు. ఈ రాత్రి ఒక మెసేజ్ పంపి, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టేయండి. జవాబు వచ్చిందో లేదో పొద్దున కాఫీ అయ్యాక చూద్దురుగాని. నిద్ర పట్టకపోతే, అదీ రాసుకోండి.