రెండు సూదులు, ఒక దారపు ఉండ: ఇంట్లో నేర్పగల అల్లిక పాఠం



డిసెంబరు వచ్చిందంటే మన నందికొట్కూరులో పొద్దున పూట చలి గట్టిగానే ఉంటుంది. స్కూల్ బస్సు దిగే పిల్లల్లో చాలామంది స్వెటర్లతో వస్తారు. మొదటి పీరియడ్‌లో చేతులు రుద్దుకుంటూ పెన్ను పట్టుకుంటారు. పదిన్నర అయ్యేసరికి స్వెటర్లు బ్యాగుల్లోకి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఎండ మన ఎండే. అందుకే ఇక్కడి పిల్లలకు స్వెటర్ అంటే బజారులో కొనే వస్తువు. దాన్ని ఒకరు కూర్చుని చేత్తో అల్లవచ్చని చాలామందికి తెలియదు.

ఈ నెల మీకు ఒక పని చెబుతున్నాను. సంక్రాంతి సెలవులు అయిపోయేలోగా మీరూ మీ పిల్లలూ కలిసి వేళ్లు బయటికి ఉండే గ్లవ్స్ ఒక జత అల్లండి. మూడో తరగతి నుంచి పైవాళ్లు ఎవరైనా చేయవచ్చు. అవి వేసుకుని నోట్సు రాసుకోవచ్చు, సైకిల్ హ్యాండిల్ పట్టుకోవచ్చు.

అల్లిక నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వను. ఒక వస్తువు వెనుక ఎన్ని గంటల పని ఉందో పిల్లలు తమ చేతులతోనే తెలుసుకుంటారు. అది చాలా పెద్ద పాఠమని మాత్రం చెప్పగలను.

చొక్కా సాగదు, బనియన్ సాగుతుంది. ఎందుకు?

పాఠం ఈ ప్రశ్నతో మొదలుపెట్టండి. యూనిఫాం చొక్కాను అడ్డంగా లాగమనండి, తర్వాత బనియన్‌ను లాగమనండి. చొక్కా బట్ట నేసినది. మగ్గం మీద నిలువు దారాలు, అడ్డ దారాలు ఒకదాని కింద ఒకటి దూరి వెళ్తాయి కాబట్టి బట్ట పెద్దగా సాగదు. బనియన్ అల్లినది. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా తిరిగి, ప్రతి ఉచ్చూ కింది వరుసలోని ఉచ్చులోంచి పైకి వస్తుంది. లాగితే ఆ ఉచ్చులు వెడల్పవుతాయి, వదిలితే మళ్లీ దగ్గరవుతాయి. సాక్సులు, టీ షర్టులు, స్వెటర్లు అన్నీ ఈ రకమే. తిరుప్పూరు మిషన్లు బనియన్ బట్టలో చేసే పనినే మనం రెండు సూదులతో నెమ్మదిగా చేస్తాం. భూతద్దం ఉంటే బనియన్ మీద పెట్టి చూపించండి. బుల్లి బుల్లి 'వి' ఆకారాలు వరుసగా కనిపిస్తాయి.

నేతకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. గొర్రెల కాపరుల భుజం మీద ఉండే నల్ల గొంగడిని పిల్లలు చూసే ఉంటారు. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని కత్తిరించి, చేత్తో వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తారు. చలికి కప్పుకోవడానికి, వానకు తల మీద వేసుకోవడానికి, పొలంలో పరుచుకోవడానికి అదొక్కటే చాలు. మీ ఇంట్లో పాత గొంగడి ఉంటే పిల్లలకు చూపించి, దాన్ని ఎవరు నేశారో అవ్వనో జేజినో అడగమనండి.

ఏం కొనాలి?

4 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్లిక సూదులు ఒక జత కావాలి. కొన్ని ప్యాకెట్ల మీద దీన్నే 8వ నంబరు అని రాస్తారు. మధ్యరకం మందం ఉన్న దారం 50 గ్రాముల ఉండ ఒకటి ఈ గ్లవ్స్‌కు సరిపోతుంది. వీటితోపాటు పెద్ద కన్ను ఉన్న మొద్దు సూది, టేపు ఉంచుకోండి. లేసులు, బటన్లు అమ్మే షాపుల్లో అడగండి.

షాపులో 'ఉలన్' అని ఇచ్చే దారాల్లో చాలావరకు అక్రిలిక్ ఉంటుంది. అందుకే లేబుల్ చదివి కొనండి. అక్రిలిక్ ఉతకడానికి సులువు, ధర తక్కువ, మొదటిసారి నేర్చుకునేవారికి అది చాలు. ఉన్నితోనే అల్లాలన్న నియమం కూడా లేదు. ఈజిప్టులో దొరికిన బాగా పాత అల్లిక మేజోళ్లలో నూలుతో చేసినవి ఉన్నాయి. పక్కనే ఆదోని లాంటి పత్తి మార్కెట్ ఉన్న మనకు నూలు దారం కొత్తా కాదు, మన ఎండకు అది హాయిగా కూడా ఉంటుంది.

ముందు నమూనా, తర్వాత లెక్క

అల్లిక తెలిసినవారు పని మొదలుపెట్టే ముందు చిన్న నమూనా ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో కొలుస్తారు. ఒకరి చేయి బిగువు, ఇంకొకరిది వదులు. కాబట్టి పక్కింటివాళ్ల లెక్క మనకు పనికిరాదు. ఐదో తరగతి పిల్లలు క్లాసులో చేసే దశాంశాల గుణకారం ఇక్కడ అవసరానికి వస్తుంది.

మీ నమూనాలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయనుకుందాం. అంటే సెంటీమీటరుకు 2.2. బొటనవేలు వదిలి అరచేతి చుట్టుకొలత 16 సెంటీమీటర్లు ఉంటే 16 × 2.2 = 35.2 కుట్లు. అల్లిక సాగుతుంది కాబట్టి కాస్త తగ్గించి 34 వేసుకుంటాం. నమూనాలో 10 సెంటీమీటర్లకు 40 వరుసలు వస్తే, 15 సెంటీమీటర్ల పొడవుకు 60 వరుసలు కావాలి. మీ నమూనాలో వేరే అంకెలు వస్తే వాటితోనే ఈ లెక్క చేయండి. లెక్క మీరు చేసి ఇవ్వకండి, పిల్లల చేతే చేయించండి.

గ్లవ్స్ అల్లే పద్ధతి

ఒకటి. ఒక సూది మీద 34 కుట్లు వేయండి. ఇది మొదట్లో కాస్త కష్టం కాబట్టి పెద్దవాళ్లు వేసి ఇవ్వండి.

రెండు. ఇక పిల్లలు నేర్చుకోవాల్సిన కుట్టు ఒక్కటే. దాన్ని నాలుగు మాటల్లో చెప్పవచ్చు: గుచ్చు, చుట్టు, లాగు, జార్చు. కుడి సూదిని ఎడమ సూది మీది మొదటి ఉచ్చులోకి గుచ్చాలి. దారాన్ని కుడి సూది కొనకు చుట్టాలి. ఆ దారాన్ని ఉచ్చులోంచి బయటికి లాగాలి. పాత ఉచ్చును ఎడమ సూది మీంచి జార్చాలి. మొదటి రెండు మూడు రోజులు ఈ మాటలు పైకి అంటూ అల్లమనండి.

మూడు. వరుస అయ్యాక సూదులు చేతులు మార్చుకుని మళ్లీ అదే కుట్టు. రెండు వరుసలకు ఒకసారి బట్ట మీద పొలం గట్టులాంటి గీత లేస్తుంది. వరుసలు లెక్కపెట్టడం కష్టమైతే గట్లు లెక్కపెట్టమనండి. 60 వరుసలంటే 30 గట్లు.

నాలుగు. ముగించేటప్పుడు రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదలాలి. ఇంకొకటి అల్లి మళ్లీ అలాగే దాటించాలి. చివరి కుట్టులోంచి దారం లాగి బిగించాలి.

ఐదు. వచ్చిన ముక్కను గొట్టంలా మడిచి అంచులు కుట్టాలి. మణికట్టు వైపు నుంచి 7 సెంటీమీటర్లు కుట్టి, బొటనవేలికి 4 సెంటీమీటర్లు వదిలి, మిగిలిన 4 సెంటీమీటర్లు కుట్టాలి. రెండో చేతికి ఇలాంటిదే ఇంకొకటి.

ఒక జాగ్రత్త. సూదుల మొనలు మొద్దుగా ఉన్నా అవి సూదులే. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పని అయిన వెంటనే అందకుండా పెట్టండి. నడుస్తున్న బస్సులో, ఆటోలో అల్లనివ్వకండి.

కుట్టు తప్పితే

తప్పుతుంది. 34 ఉండాల్సిన కుట్లు ఒకరోజు 33 ఉంటాయి, ఇంకోరోజు 36. పిల్లలు వెంటనే "నాకు రాదు" అంటారు. అప్పుడు సూదులు మీరు తీసుకుని సరిచేసి ఇవ్వకండి. "తప్పు ఏ వరుసలో జరిగింది?" అని అడగండి. వాళ్లు వెనక్కి వెళ్లి వెతుకుతారు. దొరికాక అక్కడిదాకా విప్పడమే. దారం లాగితే వరుసలు విడిపోతాయి, దారం మాత్రం అలాగే ఉంటుంది. మళ్లీ అదే దారంతో అల్లుకోవచ్చు.

యూనిట్ టెస్ట్ పేపర్‌లో ఎర్ర ఇంకు పడ్డాక పిల్లలు చాలాసార్లు మార్కు చూసి పేపర్ మడిచి పెట్టేస్తారు. తప్పు ఎక్కడ మొదలైందో చూడరు. సూదుల మీద అలా కుదరదు. ఐదో గట్టులో జారిన కుట్టును వదిలేస్తే పదో గట్టు దగ్గర కన్నం కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క: ఎన్ని గంటలు?

ఒక గ్లవ్‌కు 34 × 60 = 2,040 కుట్లు. జతకు 4,080. కొత్తగా నేర్చుకునేవారు నిమిషానికి 10 కుట్లు వేస్తారనుకుంటే 408 నిమిషాలు, అంటే దాదాపు ఏడు గంటలు. రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు.

ఇదే లెక్క స్వెటర్‌కు చేద్దాం. పదేళ్ల పిల్లకు చుట్టుకొలత 76 సెంటీమీటర్లు, పొడవు 45 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్క ఒంటి భాగానికే ముప్పై వేలకు పైగా కుట్లు పడతాయి. చేతులు కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది. చేయి తిరిగినవారు నిమిషానికి 20 వేసినా పాతిక గంటలకు పైనే. రోజుకు ఎనిమిది గంటల లెక్కన మూడు రోజులకు పైగా పని. ఇప్పుడు పిల్లల్ని అడగండి: "ఈ స్వెటర్ అల్లినవారికి ఎంత ఇవ్వాలి?" మూడు రోజుల కూలి ఎంతో మీ ఇంట్లో అందరికీ తెలుసు. దారం ఖర్చు దానికి అదనం.

ఈ ప్రశ్న మన రాష్ట్రంలో నిజంగా వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో వేల మంది ఆడవాళ్లు ఒకే కొక్కెం సూదితో క్రోషే లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. ఒకరు చిన్న చిన్న పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతుకుతారు. ఆ లేసు విదేశాలకు వెళ్తుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లకు వచ్చి, ఆ ఆడవాళ్లతో మాట్లాడి, 1982లో వాళ్ల గురించి పుస్తకం ప్రచురించారు. ఇంటి పనంతా చేసుకుని, దానిపైన రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లినా, వాళ్లకు వచ్చేది పొలం కూలి కన్నా చాలా తక్కువని ఆమె చూపించారు. కారణం? వాళ్లు గృహిణులు, ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటున్నారు అని అందరూ అనుకోవడం. ఖాళీ సమయం అన్న మాట వల్ల వాళ్ల గంటలు లెక్కలోకి రాలేదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు జి.ఐ. గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఆ ప్రాంతానిదే అని చట్టం ఒప్పుకుంది. పేరుకు వచ్చిన విలువ అల్లే చేతుల దాకా రావాలంటే కొనేవారికి గంటల లెక్క తెలియాలి. మన పిల్లలే రేపటి కొనుగోలుదారులు.

ఈ లెక్క నరసాపురం దగ్గరే ఆగదు. టిఫిన్ డబ్బా కట్టడం, యూనిఫాం ఇస్త్రీ చేయడం, బటన్ కుట్టడం కూడా గంటలే. ఏడు గంటలు కూర్చుని ఒక జత గ్లవ్స్ అల్లిన పిల్లలకు వాటి గురించి మనం వేరే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

అబ్బాయిలకూ సూదులు ఇవ్వండి

"అది ఆడపిల్లల పని కదా మిస్" అని కొందరు అడుగుతారు. ఒకప్పుడు ఐరోపా నగరాల్లో అల్లికపనివారి సంఘాల్లో మగవాళ్లే ఉండేవారు. 1589లో ఇంగ్లాండ్‌లో మేజోళ్లు అల్లే మొదటి యంత్రాన్ని తయారుచేసింది విలియం లీ అనే మగమనిషి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చాలా దేశాల బడుల్లో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి సైనికులకు సాక్సులు అల్లారు. నాన్నలు కూడా పక్కన కూర్చుని ఒక వరుస అల్లితే ఈ ప్రశ్న ఇంట్లో మళ్లీ రాదు.

ఇంగ్లీష్ కార్నర్

'నిట్' అనే మాట స్పెల్లింగ్‌లో మొదట 'కె' ఉంటుంది కానీ పలకం. 'నాట్' అంటే ముడి, 'నీ' అంటే మోకాలు, 'నైఫ్' అంటే కత్తి. వీటిలోనూ అంతే. వందల ఏళ్ల కిందట ఇంగ్లీష్‌వారు ఆ 'కె'ను పలికేవారు. నాలుక మీద పోయింది, రాతలో మిగిలింది. 'నిట్', 'నాట్' ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. ఇలాంటివి ఇంకో ఐదు వెతికి నోట్‌బుక్‌లో రాయమనండి.

ఈ నెల ఇంటి పని

1. నమూనా ముక్క అల్లి, కొలతలు నోట్‌బుక్‌లో రాయాలి.
2. రోజూ ఎన్ని నిమిషాలు అల్లారో, ఎన్ని గట్లు అయ్యాయో పట్టికగా రాయాలి.
3. మొదటి గ్లవ్‌కు, రెండో గ్లవ్‌కు పట్టిన సమయంలో తేడా ఎంతో చూసి, కారణం రెండు వాక్యాల్లో రాయాలి.
4. ఇంట్లో చేత్తో చేసిన ఒక వస్తువు వెతికి, దానికి ఎన్ని గంటలు పట్టి ఉంటుందో పెద్దవాళ్లను అడగాలి.

సెలవుల తర్వాత పూర్తయిన జతలను స్కూలుకు పంపండి. సగమే అయినా పంపండి. ఒక చీటీ మీద పిల్లల పేరు, తరగతి, పట్టిన గంటలు రాసి దారంతో కట్టండి. ధర రాయవద్దు. అన్నింటినీ ఒక బల్ల మీద పెట్టి, ఆ గంటలన్నీ పిల్లల చేతే కూడిస్తాం.